తలంటుపీట దగ్గర తప్పు కథ

నీలగండి కోటకు ఏడు ప్రాకారాలని నాలుగు రాజ్యాల్లో చెప్పుకుంటారు. అలా చెప్పుకునేవాళ్ళు లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు కారు. అవి ఎనిమిది. ఏడు రాతివి. బయటిది కాకినలుపు, లోపలికి పోయేకొద్దీ పావురాయి బూడిద, కుంకుమపువ్వు చాయ, చివరికి పాలమీగడ తెలుపు. ఎనిమిదోది నీళ్ళది. సువర్ణఘోష నది కొండ కొమ్ము మీదినుంచి కోట చుట్టూ తెర దించినట్టు దూకుతుంది. పొద్దు పొడిచేవేళ ఆ తెరలో ఇంద్రధనుస్సులు జంటలు జంటలుగా లేస్తాయి, ఎవరో పెళ్ళికి తోరణాలు కట్టినట్టు. ఆ తోరణాల కింద, పట్టాభిషేకం నాటి ఉదయం, చంకలో నూనెబుడ్డి, నెత్తిన కుంకుడుకాయల మూట పెట్టుకుని, నడుం వంచుకుని ఒక ముసలమ్మ లోపలికి నడిచింది.

ముసలమ్మ అన్నది కాపలావాళ్ళ కంటికి. అసలు ఆమెకు ఇరవైనాలుగేళ్ళు నిండలేదు. పేరు సిరిగంగ. ఎద్దుల మీద ఉప్పు వేసుకుని దేశాలు తిరిగే బిడారులో పుట్టింది. ముఖానికి తుమ్మజిగురు పూసి ఆరబెట్టుకుంటే చర్మం ముడతలు పడింది, జుట్టుకు బూడిద సరిపోయింది.

మొదటి వాకిట్లోనే ఆమెను ఆపారు. మంత్రి ఆజ్ఞతో ఏడు నెలలుగా ఆ కోటలో కథలు చెప్పడం నిషేధం. లోపలికి వచ్చే ప్రతి మనిషి చేతా కాపలావాళ్ళు "అనగనగా" అనిపిస్తారు. కథలు చెప్పే అలవాటున్నవాళ్ళు ఆ మాటను మామూలుగా అనలేరు. గొంతు దానంతటదే సాగుతుంది, చూపు ఎక్కడికో పోతుంది. ఆ పరీక్ష ఎలాగో దాటి, లోపల కథ చెబుతూ దొరికిపోయిన ఇద్దరు ఇప్పుడు అభ్యంగన మందిరంలో రాతి దీపస్తంభాలై నిలబడి ఉన్నారు.

"అనవే ముసలీ" అన్నాడు మీసాలు చెవులదాకా పెంచిన ద్వారపాలకుడు.

సిరిగంగ బుగ్గనున్న తమలపాకుల ముద్దను ఇటునుంచి అటు తిప్పుకుంది. తప్పిపోయిన బర్రెను పిలిచే గొంతుతో "అనగనగా" అని కసిరింది. "పొద్దెక్కిపోతోంది నాయనా. యువరాజుకు నూనె పెట్టాల్సింది నేనా, నువ్వా? నీ మీసాలకూ ఇంత రాసిపోనా, కొసలు ఎండిపోయి ఉన్నాయి."

పక్కనున్నవాడు ఫక్కున నవ్వాడు. మీసాలాయన ముఖం తిప్పుకుని తలుపు తీశాడు.

రెండో వాకిట గొలుసుల్లేని చిరుతపులులు. అవి మూతి దగ్గరికి తెచ్చి వాసన చూసి, ఘాటైన ఆముదానికి తుమ్ముకుంటూ పక్కకు పోయాయి. నాలుగో వాకిట గిరగిర తిరిగే కత్తుల చక్రం. పరుగెత్తే ఎద్దుల కొమ్ముల మధ్య పెరిగిన కాళ్ళు ఆమెవి, ఏ క్షణాన అడుగు పడాలో వాటికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆరో వాకిట నేలంతా మాయ అద్దం, అందులో మనిషి అసలు రూపు కనబడుతుంది. సిరిగంగ మూట జారవిడిచి, దొర్లిన కుంకుడుకాయల్ని ఏరుకునే సాకుతో తన నీడను తన కొంగుతోనే కప్పుకుంటూ మోకాళ్ళ మీద పాకింది. అవతలి గడప దాటేసరికి మోకాళ్ళు దోక్కుపోయాయి, కాని ఒక్క కాయ తక్కువ కాలేదు.

ఇంత తెగించి ఆమె వచ్చింది యువరాజు ధవళసేనుడి నోట ఒక్క మాట పలికించడానికి.

ఏడు నెలల క్రితం శత్రువులు తరుముకొస్తుంటే యువరాజు మూడు వందలమంది జనాన్ని పిడుగుల గండి మీది తాళ్ళవంతెన దాటించాడు. వంతెన నడుమ నిలబడి శత్రువును ఆపినవాడు గురవడు. కొండతేనె తీసేవాళ్ళ ఊరు తేనెగూడెం మనిషి. గురవడి తల్లి పాలు తాగే యువరాజు పెరిగాడు, ఇద్దరూ ఒక ఒడిలోనే ఆడారు. గురవడి నడుముకు, వాళ్ళు కొండ అంచులు దిగడానికి వాడే తేనెతాడు కట్టి ఉంది, దాని రెండో కొస గట్టు మీదున్న యువరాజు చేతుల్లో ఉంది. శత్రువు మరీ మీదికి వచ్చాక వంతెన నరికేశారు. శత్రువులంతా గండిలో పడ్డారు. గురవడు ఒక్కడు తాడుకు వేలాడాడు. అందరూ చూస్తుండగా యువరాజు ఆ తాడు వదిలేశాడు. ఎందుకు వదిలాడో ఎవరికీ తెలియదు. మనిషి మంచులోకి జారిపోయాడు. యువరాజు నోరు ఆనాడు మూతపడింది.

నీలగండి ఆచారం ప్రకారం కొత్తరాజు నిండు సభలో "మీకు నేనున్నాను" అని నోటితో చెప్పాలి. సింహాసనం మీది బంగారు సింహం నుదుట ఎండ పడేలోగా చెప్పాలి. చెప్పలేకపోతే రాజముద్ర మంత్రి ధూమజటుడిది అవుతుంది. ఆ ధూమజటుడు మహా మాంత్రికుడు, ఎవరి గొంతైనా ఎత్తగలడు. తలపాగా కింద అతనికి జుట్టుండదు, పొగ ఉంటుంది. అతను బొమ్మలు చేసి సూదులు గుచ్చే రకం కాదు. రోజూ యువరాజు పక్కన చేరి, తండ్రిలా వీపు నిమురుతూ, ఆ గండి దగ్గర జరిగిందే చెబుతాడు. ఒక్క మాట తేడా లేకుండా చెబుతాడు. చివరికి ఎప్పుడూ ఒకటే ముగింపు, "నువ్వు వదిలేశావు నాయనా." చెబుతున్నంతసేపూ పొగ పాయలు పాయలుగా దిగి యువరాజు చెవుల్లోకి పోతుంది.

ఆ పొగ వదిలించే విద్య తెలిసినవాళ్ళ కోసం మహారాణి రహస్యంగా వెదికించింది. ఉప్పు బిడారులో ఎవరికైనా గుండె చెదిరితే, బిడ్డ పోయిన తల్లి అన్నం ముట్టకపోతే, దొంగల చేత చిక్కి బయటపడ్డవాడు నిద్రలో ఉలిక్కిపడుతుంటే సిరిగంగను పిలుస్తారు. ఆమె పక్కన కూర్చుని కథ మొదలుపెడుతుంది. ఒకరికి ఒక రోజు పడుతుంది, ఒకరికి ఏడాది పడుతుంది, లేచి కూర్చోనివాళ్ళు మాత్రం లేరు. విద్య నేర్పిన పెద్దమ్మ ఆమెకు ఒకటే చెప్పింది. మంత్రసాని బిడ్డను కనదు, పట్టుకుంటుంది. రోగిని ఏం జరిగిందని అడగకు. అతని కథ అతనికి చెప్పకు. వేరేవాళ్ళ కథ చెప్పు, అందులో అతను కాలు పెట్టేంత చోటు వదులు.

అభ్యంగన మందిరం చూడవలసిందే. పైకప్పు తామర రేకులు విచ్చినట్టు, రేకుకో గవాక్షం. గోడలకు ముత్యపుచిప్పల తాపడం. పది గంగాళాల్లో నీళ్ళు కాగుతున్నాయి, ఒకదాంట్లో వట్టివేళ్ళు, ఒకదాంట్లో గులాబీలు, ఒకదాంట్లో మామిడి చిగుళ్ళు. నడుమ చందనపు పీట. ఆ పీట మీద, చెక్కిన బొమ్మలా, కన్నార్పకుండా యువరాజు. గోడల నిండా ఇత్తడి బల్లులు. యువరాజు పేరు గాని గురవడి పేరు గాని వినబడితే చాలు, అవి టిక్కుటిక్కుమని పరుగెత్తి ధూమజటుడి చెవిలో వేస్తాయి.

మందిరం పెత్తనం చెంగలమ్మది, మహారాణి మనిషి. ఆమె దాసీలను ఏవేవో పనులు చెప్పి బయటికి తరిమేసి, సిరిగంగ చెవి దగ్గర గొణిగింది. "సింహం నుదుటికి ఎండ రావడానికి మూడు ఘడియలుంది. ఇంతకుముందు వచ్చినవాళ్ళు మూడు నెలలు చెప్పారు. నువ్వు మూడు ఘడియల్లో ఏం చేస్తావే తల్లీ?"

"తలంటుతాను" అంది సిరిగంగ.

గోరువెచ్చని నూనె మాడు మీద పోసి, అరచేత్తో తట్టి, కణతల దగ్గర బొటనవేళ్ళు పెట్టింది. అక్కడ నరాలు రాళ్ళలా ఉన్నాయి. ఆమె తొందరపడలేదు. కథకు ముందు చేతులు నమ్మకం సంపాదించుకోవాలని ఆమెకు తెలుసు. మెడ కాస్త సడలాక, బల్లులకు వినబడినా అర్థం కాని ఒక నవ్వుల కథ ఎత్తుకుంది. పేర్లు లేవు. తిండిపోతు తేనెమనిషి ఒకడు, వాడికన్నా తిండిపోతు ఎలుగుబంటి ఒకటి, ఇద్దరికీ ఒకే తేనెపట్టు మీద కన్ను.

కథకు ఊ కొట్టే మనిషి కావాలి. ఊ లేని కథను ముందుకు తోయకూడదని ఆ విద్యలో కట్టుబాటు. నోరు లేనివాడు ఊ ఎలా కొడతాడు? అందుకు సిరిగంగ ఒక ఉపాయం ఉంచుకుంది. తెలిసి తెలిసి తప్పు చెబుతుంది. తనకు బాగా తెలిసిన విషయాన్ని ఎదుటివాడు తప్పు చెబుతుంటే ఎంత మొద్దుబారిన మనసూ ఊరుకోదు, ఎక్కడో ఒకచోట కదులుతుంది. యువరాజు తేనెగూడెం పాలు తాగినవాడు. అందుకే తేనె కథ.

"వాడు పట్టు కోయడానికి ఇనుపకత్తి తీసుకుని దిగాడట" అంది.

తేనెపట్టును వెదురుకత్తితోనే కోస్తారు. యువరాజు కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"తేనెను రాగి బిందెలోకి పిండాడట."

పీట అంచు మీద అతని చూపుడువేలు ఒకసారి తట్టింది. సొరకాయ బుర్రలోకి, రాగిలోకి కాదు అన్నట్టు. చెంగలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిరిగంగ మాత్రం ఏమీ గమనించనట్టే కుంకుడు రసం కలుపుతూ పోయింది. అలా ఇంకో ఐదు తప్పులు చెప్పింది. ఐదుసార్లు వేలు తట్టింది. ఆరోసారి వేలు కూడా ఆగిపోయింది. గవాక్షంలోంచి ఎండ రెండో రేకు దాటింది. ఉపాయం అయిపోయింది, ఇక కథ తనకు తెలిసిన దారిన చివరికంటా పోవడమే.

తేనెమనిషి కొండ అంచున వేలాడుతుంటే కింద గుహలోంచి ఎలుగుబంటి తల బయటికి పెట్టిందని చెప్పింది. వాడు హడలిపోయి, పైనున్నవాడు పట్టుకున్న తాడును రెండుసార్లు గుంజాడని, ఆ సైగ చూసి పైవాడు వాడిని చకచకా పైకి లాగేశాడని చెప్పింది. ఇది తెలిసి చెప్పిన తప్పు కాదు. ఉప్పు అమ్ముకునేదానికి తేనెతాడు సైగలు ఏం తెలుసు? లాగి సైగ చేసుకుంటారని మాత్రం ఎక్కడో విన్నది, మిగిలింది అల్లేసింది.

ఆమె చేతుల కింద తల కదిలింది.

"కాదు."

తుప్పుపట్టిన గడియ తీసినట్టుంది ఆ గొంతు. చెంగలమ్మ చేతిలో చెంబు జారి మోగింది. సిరిగంగ చేయి ఆపలేదు.

"ఏది కాదు నాయనా?"

"మూడుసార్లు లాగితే పైకి లాగమని. రెండుసార్లు…" అతను ఆగిపోయాడు. ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు వినబడుతోంది. "రెండుసార్లు లాగితే వదలమని. నాకు పట్టు దొరికింది, ఇక తాడు వదులు అని."

సిరిగంగ వేళ్ళకు అతని కణతల్లో రక్తం కొట్టుకోవడం తెలుస్తోంది. ఇక్కడ ఒక్క మాట ఎక్కువ మాట్లాడినా పాడైపోతుంది. ఆమె అడగదగ్గ ప్రశ్న ఒక్కటే అడిగింది.

"ఆ తర్వాత?"

యువరాజు తన రెండు అరచేతుల్నీ చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. "రెండుసార్లు లాగాడు అవ్వా" అన్నాడు. "ఆ రోజు నా చేతుల్లో తాడు రెండుసార్లు కదిలింది. నేను మరిచిపోయాను. మా గురవడు వదలమన్నాడు."

పేరు వినబడగానే ఇత్తడి బల్లులన్నీ ఒక్కసారి గోడల మీదినుంచి లేచాయి. వడగళ్ళు పడ్డట్టు టకటకమంటూ తలుపు కింది సందులోంచి దూరిపోయాయి. చెంగలమ్మ గడియ వెయ్యబోయింది, అందలేదు. తాళం రంధ్రంలోంచే పొగ లోపలికి వచ్చింది, వచ్చి మనిషైంది. పట్టుపంచె, చెవులకు పచ్చల పోగులు, ముఖాన కన్నతండ్రి నవ్వు. తలపాగా లేదు. తల మీద పొగ, పుట్టలోంచి లేచిన పాముల్లా, నూరు పాయలుగా ఆడుతోంది.

ధూమజటుడు సిరిగంగను చూడనైనా లేదు. యువరాజు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జోలపాట గొంతుతో మొదలుపెట్టాడు. ఆనాడు పొద్దు వాలిందన్నాడు, వంతెన ఊగిందన్నాడు. పొగపాయలు దిగి యువరాజు చెవుల వైపు సాగాయి. యువరాజు భుజాలు మళ్ళీ ముడుచుకుపోయాయి. సిరిగంగ అడ్డుపడదామని కదలబోయి కిందికి చూసింది. ఆమె పాదాలు చీలమండల దాకా రాయి అయిపోయాయి. రాతి చలి మెల్లగా పిక్కల్లోకి ఎక్కుతోంది.

తాను నోరు తెరిచి కథ చెప్పి గెలవగలదు, గెలిస్తే యువరాజుకు ఇద్దరు కథకులు మిగులుతారు, సొంత నోరు మాత్రం మిగలదు. అందుకని ఆమె చేతులు అతని తల మీదినుంచి తియ్యకుండా, మోకాలిదాకా రాయైనా మెదలకుండా నిలబడింది.

"అప్పుడు నువ్వు వదిలేశావు నాయనా" అన్నాడు ధూమజటుడు.

"దానికి ముందు ఒకటుంది, మంత్రిగారూ" అన్నాడు యువరాజు. "మీరు ఏడు నెలలుగా చెబుతున్నారు, ఒక్కసారీ అది చెప్పలేదు. తాడు రెండుసార్లు లాగాడు. పట్టు దొరికిందన్నాడు. అప్పుడు వదిలాను."

పొగపాయలన్నీ గాలిలోనే ఆగిపోయాయి, కొమ్మకు చిక్కిన గాలిపటాల్లా. ఒక్కమాట తేడా లేకుండా సాగినంతకాలమే ఆ మాయకు బలం. లోపల ఒక నిజం ఇరికిందంటే మళ్ళీ అతుక్కోదు. సిరిగంగ కాళ్ళకు వెచ్చదనం తిరిగొచ్చింది. మూలనున్న రెండు దీపస్తంభాలు దగ్గాయి. వాటిలో ఒకటి పొట్టిగా బట్టతలతో ఉన్న పెద్దమనిషై కిందికి దిగి, తలమీది ప్రమిద తీసి చూసుకుని, "నేను కథలో ఏ పట్టున ఉన్నాను తల్లీ, రాక్షసుడు వచ్చేశాడా?" అని అడిగాడు. చెంగలమ్మ ఇద్దర్నీ రెక్కపట్టి మజ్జిగ ఉన్న గదిలోకి తోసింది.

ధూమజటుడి ముఖాన నవ్వు ఇంకా ఉంది గాని, వెనకాల మనిషి లేడు. "పట్టు దొరికింది" అని అతను తనలో తాను అనుకున్నాడు, అప్పుడే తెలిసినట్టు. మరుక్షణం పొయ్యిలోంచి పొగగొట్టంలోకి రివ్వున ఎగిరిపోయాడు. పోతూపోతూ పది గంగాళాలనూ తన్నాడు. మరిగే నీళ్ళు ఉప్పెనలా లేచాయి.

సిరిగంగ యువరాజును చందనపు పీట మీదనే పడుకోమని, తాను వెనక పట్టుకుని, చెంగలమ్మను కొంగుపట్టి లాగి, పీటను నీటితూములోకి తోసింది. నూనె ఒంటికి తూము అడ్డమే కాలేదు. చీకటి మలుపులు, నాచు గోడలు, ఏడు మెట్ల జారుడు. సభామంటపం ముందున్న కలువల కొలనులోకి ముగ్గురూ పీటతో సహా వచ్చి పడ్డారు. తల నిండా కుంకుడు నురగతో, ఒంటి నిండా ఆముదంతో యువరాజు సభలోకి నడుస్తుంటే సామంతరాజులు నవ్వాలో లేవాలో తెలియక సగం లేచి ఆగిపోయారు. సిరిగంగ ముఖం మీది జిగురు నీళ్ళకు కరిగి ముడతలు ఊడిపోతున్నాయి. ఆమె పట్టించుకోలేదు.

ఎండ బంగారు సింహం మెడ దాటింది. వృద్ధ పురోహితుడు మొదటిసారి అడిగాడు. యువరాజు పెదవులు కదిలాయి, శబ్దం లేదు. రెండోసారి అడిగాడు. ఎండ సింహం కళ్ళ దాకా వచ్చింది. మహారాణి సింహాసనం చేయి పట్టుకుని తల వంచుకుంది. సిరిగంగకు లోపల ఏ బెదురూ లేదు. పుట్టిన గొంతు మళ్ళీ కడుపులోకి పోదని ఆమెకు తెలుసు.

మూడోసారి అడగకముందే యువరాజు జనం వైపు తిరిగాడు. "మీకు నేనున్నాను" అన్నాడు. సభ మొత్తం లేచి నిలబడ్డ చప్పుడుకు కొలనులో పక్షులు ఎగిరిపోయాయి.

కాని అతను సింహాసనం ఎక్కలేదు. రాజముద్రను తల్లి చేతిలో పెట్టాడు. ఏడు నెలలుగా పిడుగుల గండిలోకి దిగి చూసినవాడు ఒక్కడూ లేడని, మనిషి చచ్చిపోయాడని అందరూ ధూమజటుడి మాట మీదే నమ్మారని, పట్టు దొరికిందన్నవాడు బతికి ఉండవచ్చునని, ఆ సంగతి తమకంటే ముందే ఆ మాంత్రికుడికి తట్టిందని చెప్పాడు. ఆకాశంలో నల్లటి పొగ తోక ఒకటి ఉత్తరం వైపు సాగిపోతుండడం అందరూ చూశారు.

యువరాజూ సిరిగంగా ఎక్కిన గుర్రాలు నురగలు కక్కుతూ గండి చేరేసరికి పొద్దు ఇంకా నెత్తినే ఉంది. గండి లోతు ఎంతో చెప్పినవాళ్ళు లేరు. వేయి తాటిచెట్లు నిలువునా పేర్చినా అడుగు తగలదంటారు. పాలు పొంగినట్టు మంచు సుడులు తిరుగుతోంది, దాని మధ్యన నల్లటి చారలా పొగ దిగిపోతోంది. యువరాజు రెండు తేనెతాళ్ళు రాళ్ళకు బిగించాడు. ఒకటి నడుముకు కట్టుకుని, అంచున నిలబడి ఆగిపోయాడు.

"దిగాక అక్కడ ఎముకలే ఉంటే?" అన్నాడు. అడిగింది రాజు కాదు, పీట మీది ఆ కుర్రవాడే.

బతికే ఉంటాడు దొరా అని సిరిగంగ అనవచ్చు. తెలియనిది చెప్పడం ఆమె విద్యలో లేదు. "ఉంటే అదీ చెప్పుకోవాలి దొరా. ఎన్నాళ్ళయినా సరే. వినడానికి నేనుంటాను" అంది.

అతను తల ఊపి మంచులోకి దిగాడు. మనిషి కనుమరుగయ్యాడు గాని మాట కనుమరుగు కాలేదు. ఏడు నెలల మాటలన్నీ దాచుకున్నవాడు కదా, దిగుతూ దిగుతూ గురవడిని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. తమ చిన్ననాటి దొంగతనాలు, దెబ్బలు, తేనెలూ ఒక్కొక్కటే గుర్తుచేస్తూ పిలుస్తున్నాడు.

చాలాసేపటికి కిందనుంచి ఎవరో బదులు పలికారు.

"దా అన్నా. ఇటే, ఇటే దా."

గురవడి గొంతు ఎలా ఉంటుందో సిరిగంగకు తెలియదు. ధూమజటుడు ఎవరి గొంతైనా ఎత్తగలడని మాత్రం ఆమెకు తెలుసు. ఆమె చీరకుచ్చెళ్ళు ఎగదోపుకుని, రెండో తాడు అందుకుని, మంచులోకి జారింది.